నా చేతికే తెరుచుకున్న తలుపు

నాకు చదువు లేదు. అంకెలు పోల్చుకోగలను. మీటరు మీద ముల్లు ఎక్కడుందో చూసి కరెంటు సరిపోతోందో లేదో చెప్పగలను. అది మా ఆయన నేర్పాడు. ఇదంతా నేను చెబుతుంటే మా వీధిలో ఉండే శ్రావణి రాస్తోంది. ఆ పిల్ల విజయనగరం నుంచి కోడలిగా వచ్చింది, తెలుగు రాయడం ఇంకా మర్చిపోలేదు. "ఎక్కడ పుట్టావు, ఎప్పుడు పనిలో చేరావు, అవి ముందు చెప్పు పిన్నీ" అంది. అవి ఎవరికి కావాలి? తలుపుల సంగతి చెబుతాను, రాసుకో అన్నాను.

మేముండే ఈ బెంగాలీ ఊళ్ళో, సాల్ట్ లేక్‌లో, న్యూ టౌన్‌లో ఆఫీసు తలుపు దగ్గర మీరు కార్డు చూపిస్తారు. లేకపోతే లోపలున్న పిల్ల మిమ్మల్ని చూసి బల్ల కింద మీట నొక్కుతుంది. టక్ మంటుంది, తోసుకుని వెళ్ళిపోతారు. ఆ చప్పుడు విన్న సంగతి కూడా మీకు గుర్తుండదు. ఆ చప్పుడుకీ మీరు తోయడానికీ మధ్య ఉన్న కాస్త చోటులోనే నా బతుకంతా నడిచింది. ఇప్పుడు మోకాళ్ళు వంగవు, పని మానేశాను. అయినా కళ్ళు మూసుకుంటే అద్దాల వసారాలు కనిపిస్తాయి. మధ్యాహ్నం పూట మనుషులు లేని వసారా, అద్దంలో మెల్లగా జరిగిపోయే మబ్బులు, ఎక్కడో ఒక తలుపు టక్ మనడం. కలో నిజమో తెలియకుండా అలా చాలాసేపు కూర్చుంటాను.

ఈ పనిలోకి ఇప్పుడు ఆడపిల్లలు కూడా వస్తున్నారట. వాళ్ళ కోసమే చెబుతున్నాను.

నాలిక, పెదవి

తలుపు అంచున ఒక ఇనప నాలిక ఉంటుంది. తలుపు మూస్తే అది వెళ్ళి ద్వారబంధంలోని గూట్లో పడుతుంది. మామూలు తాళమైతే గూడు కదలదు, పిడి తిప్పితే నాలికే లోపలికి పోతుంది. మనం బిగించే కరెంటు తాళం అలా కాదు. అది తలుపులో ఉండదు, ద్వారబంధంలో ఉంటుంది. ఆ గూటికి ఒక పక్కన కదిలే ఇనప పలక ఉంటుంది. కంపెనీ వాళ్ళు దానికేదో పేరు పెట్టారు, మేం పెదవి అనేవాళ్ళం. కరెంటు వస్తే గూట్లోని తీగచుట్ట చిన్న కొక్కేన్ని లాగుతుంది, పెదవి వదులవుతుంది. తలుపు తోస్తే నాలిక ఆ పెదవిని పక్కకి నెట్టి బయటపడుతుంది. తలుపు మళ్ళీ మూసుకుంటే పెదవి బిగుసుకుంటుంది. తాళమంటే ఇంతే. మిగతాదంతా ఇది ఎందుకు జరగడం లేదో వెతుక్కోవడమే.

వీటిలో రెండు జాతులున్నాయి. కరెంటు పోతే వదిలేసేది ఒకటి, కరెంటు పోతే బిగుసుకునేది ఇంకొకటి. సామాను గదికి బిగుసుకునేది పెడతాం. జనం పరుగెత్తి పోవాల్సిన దారికి వదిలేసేది పెడతాం. ఈ తేడా తెలియనివాణ్ణి ద్వారబంధం దగ్గరికి రానివ్వకండి. ఏది పెట్టినా సరే, లోపలున్న మనిషి పిడి తిప్పితే బయటికి రాగలగాలి, కరెంటు ఉన్నా లేకపోయినా. "దొంగతనాలు జరుగుతున్నాయి, లోపలి పిడి కూడా పనిచెయ్యకుండా చెయ్యి" అని ఒక ఆఫీసు పెద్ద మా ఆయన్ని అడిగాడు. మా ఆయన సామాను సంచీలో సర్దుకుని వచ్చేశాడు. మీరూ వచ్చేయండి.

మా మామగారు షాలిమార్ గూడ్స్ యార్డులో మూటలు మోశారు. మా ఆయన వడ్రంగం నేర్చుకుని, తలుపులు చేస్తూ చేస్తూ తాళాల్లోకి దిగాడు. తలుపుకి అవతల ఒక మనిషి, ఇవతల ఒక మనిషి లేకపోతే ఈ పని సాగదు. కూలికి పెట్టుకున్న మనిషి ఫోన్ చూసుకుంటూ నిలబడుతున్నాడని విసుగెత్తి నన్ను తీసుకెళ్ళాడు. ఆయన లోపల మీట దగ్గర, నేను బయట పిడి దగ్గర. తలుపు మీద ఒకసారి కొడితే నొక్కమని, రెండుసార్లు కొడితే ఆగమని. కొన్నాళ్ళకి అవతల్నుంచి ఆయన బదులు కొట్టే తీరు బట్టి కోపంగా ఉన్నాడో ఆకలితో ఉన్నాడో కూడా తెలిసేది.

"ఓలే, పిడి నీకాసి లాగి అట్టుకో. తలుపు బరువు పెదివి మీద ఎయ్యకు."

"లాగినాను. నొక్కు మరి."

"ఏటి నొక్కేది? ఇందాకే నొక్కీసినాను. నిద్రోతన్నావేటి?"

"నిద్రోతే మీ అమ్మ ఊరుకున్నాదేటి ఇన్నాళ్ళూ!"

అవతల నవ్వు వినబడేది. నా మొగుడి మొహం కన్నా, తలుపు చెక్కలోంచి వచ్చే ఆయన గొంతే నాకు ఎక్కువ గుర్తుంది.

చప్పుడు వినడం

ముందు చెవి పెట్టండి, తరవాత మీటరు పెట్టండి.

మీట నొక్కినా ఏ చప్పుడూ లేదంటే కరెంటు రావడం లేదు. అడాప్టరు చూడండి, తరవాత మీట చూడండి, తరవాత పైకప్పు లోపల తీగ చూడండి. ఈ ఊళ్ళో ఎలుకలకి తీగ మీది ప్లాస్టిక్ అంటే మహా ఇష్టం. సెక్టార్ ఫైవ్‌లో ఒక ఆఫీసులో తాళం మార్చారు, మీట మార్చారు, అడాప్టరు మార్చారు. నేను బల్లెక్కి పైకప్పు పలక ఎత్తితే ఎలుక అక్కడే కూర్చుని నన్ను చూసింది. దాని ఇంట్లోకి నేను వెళ్ళినట్టు చూసింది.

టక్ మని ఒక్క చప్పుడు వస్తే అది డీసీ కరెంటు మీద నడిచేది. తుమ్మెదలా ఝుమ్మంటే ఏసీ కరెంటు మీద నడిచేది, అది రోగం కాదు. కానీ టక్ అనాల్సింది ఝుమ్మంటుంటే ఎవడో తప్పు అడాప్టరు తగిలించాడని అర్థం. నొక్కనప్పుడు కూడా తాళం వేడిగా ఉంటే ఎక్కడో మీట ఇరుక్కుపోయింది, తీగచుట్టలో కరెంటు పోతూనే ఉంది. అప్పుడప్పుడూ పనిచెయ్యాల్సినదాన్ని పొద్దస్తమానం పనిచేయిస్తే అది మాడిపోతుంది. వాసన వస్తుంది. ఆ వాసన ఒకసారి ముక్కుకి తగిలితే ఇంక మర్చిపోరు.

తాళం ఎప్పుడూ తెరిచే ఉంటోందంటే పెదవి వెనక్కి రావడం లేదు, లేకపోతే నాలిక గూట్లో పడటం లేదు. దసరా పూజలకి ముందు ఆఫీసులన్నిటికీ రంగులు వేస్తారు. రంగువాడు ద్వారబంధంతో పాటు పెదవికి కూడా ఒక పూత పూసి వెళ్ళిపోతాడు. సెలవులయ్యాక ఫోన్లే ఫోన్లు. న్యూ టౌన్‌లో కొత్త ఇళ్ళు మెల్లగా కుదురుకుంటాయి, గోడ కాస్త దిగుతుంది, ద్వారబంధం ఒక పక్కకి ఒరుగుతుంది, నాలిక గూటి అంచుని తాకి ఆగిపోతుంది. అప్పుడు తాళాన్ని తిట్టకండి. ముందు మడతబందులు బిగించండి. తలుపు నిటారుగా వచ్చాక చూస్తే సగం రోగాలు పోయి ఉంటాయి.

వానాకాలంలో కొయ్య తలుపులు ఉబ్బుతాయి, ఇనుము తుప్పు పడుతుంది. అప్పుడు ఇక్కడి కాపలావాళ్ళు చేసే పని ఒకటుంది, తాళంలో ఆవనూనె పోస్తారు. వంటకీ ఆవనూనే, ఒంటికీ ఆవనూనే, తాళానికెందుకు కాదనుకుంటారు పాపం. రెండు రోజులు బాగా ఆడుతుంది. తరవాత దుమ్ము పట్టి జిగురవుతుంది, పెదవి అతుక్కుపోతుంది. మూత తీస్తే వంటింటి వాసన కొడుతుంది. గుడ్డతో తుడిచి, స్పిరిట్‌తో కడిగి, పెన్సిలు ములుకు నూరిన పొడి కాస్త చల్లండి. నూనె మాత్రం వద్దు.

బిమల్‌దా

మాకు పని ఇచ్చేది బిమల్‌దా అనే కాంట్రాక్టరు. మా ఆయన్ని దాదా అనేవాడు, నన్ను బౌదీ అనేవాడు, అంటే వదిన. మంచివాడే. కానీ ఉన్నమాట చెప్పాలి కదా, ఆయనకి ఓపిక లేదు. ఏ తాళం మొరాయించినా ఒకటే మాట: "బొదలే దావ్." మార్చిపారెయ్ అని. కడిగితే సరిపోయేదాన్ని కూడా మార్చమనేవాడు. మా ఆయన పాతవి పారెయ్యకుండా ఇంటికి తెచ్చి, విప్పి, నాకు చూపించేవాడు. నేను నేర్చుకున్నదంతా బిమల్‌దా పారేసిన తాళాల మీదే.

పిల్లలూ, మార్చడం మందు కాదు. మార్చినా రోగం పోలేదంటే రోగం ఇంకెక్కడో ఉందని తెలుస్తుంది, అంతవరకే మార్చడం పనికొచ్చేది. ఈ ముక్క నాకు ఒక్క తలుపు దగ్గర బాగా తెలిసింది. ఆ తలుపు గురించి చెప్పడానికే ఇదంతా మొదలుపెట్టాను.

డయాలసిస్ సెంటర్ తలుపు

మా ఆయన జ్వరంతో పోయాడు. దాని గురించి ఎక్కువ చెప్పను. కర్మలయ్యాక ఆయన అన్నగారు, మా బావ, నన్ను శ్రీకాకుళం తీసుకుపోదామని ఉండిపోయాడు. రైలు టిక్కెట్లు కూడా తీసేశాడు.

"ఈ ఊళ్ళో నీకేటున్నాదే పైడమ్మా? ఆడు పోనాడు. ఒక్కర్తివీ ఏటి సేత్తావు? మా ఇంట్లో ఇంత కూడు తినీసి ఉందువు గాని, రా."

బావ చెడ్డ మనసుతో అన్న మాట కాదది. ఆ ఇంట్లో నాకు కూడు దొరికేదే. కానీ పొయ్యి దగ్గర కూర్చుని, ఎవరేమడిగితే అది చేస్తూ, ఈ చేతులు నేర్చుకున్నదంతా మర్చిపోయి బతకాలి. నాకు మనసు ఒప్పలేదు. బిమల్‌దా దగ్గరికి వెళ్ళి, మా ఆయన పని నేను చేస్తానన్నాను. ఆయన తాగుతున్న టీ గ్లాసు కింద పెట్టాడు.

"బౌదీ, నువ్వు తలుపు పట్టుకునేదానివి. పట్టుకోవడం వేరు, బాగుచెయ్యడం వేరు."

"ఒక తలుపు ఇచ్చి చూడండి దాదా."

సాల్ట్ లేక్‌లో ఒక డయాలసిస్ సెంటరు తలుపు ఇచ్చాడు. ఆయన్ని ఏడిపిస్తున్న తలుపు అది. ఒకసారి తెరుచుకుంటుంది, ఒకసారి తెరుచుకోదు. తాళం అప్పటికే ఒకసారి మార్చాడు, కొత్తదీ అదే వరస. చక్రాల కుర్చీల్లో వచ్చిన రోగులు వసారాలో నిలబడిపోతున్నారు, లోపల్నుంచి ఎవరో వచ్చి పిడి తిప్పి తెరవాల్సి వస్తోంది. "అది కుదిరితే మిగతా తలుపులు నీవి. కుదరకపోతే ఆ సెంటరు నా చెయ్యి జారిపోతుంది, నిన్ను ఇంకెక్కడికీ పంపలేను" అన్నాడు. బావతో రైలు రోజు వరకు గడువడిగాను. ఆయన తల అడ్డంగా ఊపాడు గానీ కాదనలేదు.

వెళ్ళాను. వసారాలోంచి లోపలికి తోసే తలుపు. లోపల బల్ల దగ్గర కూర్చునే పిల్ల గంట విని మీట నొక్కాలి. తాళం విప్పాను, తుడిచాను, బిగించాను. మీటరు పెట్టాను, కరెంటు సరిగ్గా ఉంది. బయట నిలబడి, అలవాటు కొద్దీ, తలుపు మీద ఒకసారి కొట్టాను. లోపలి పిల్ల నొక్కింది. టక్. తెరుచుకుంది. మళ్ళీ కొట్టాను, మళ్ళీ తెరుచుకుంది. ఎన్నిసార్లు కొడితే అన్నిసార్లూ తెరుచుకుంది.

మర్నాడు బిమల్‌దా ఫోను. తెరుచుకోవడం లేదట. పరుగున వెళ్ళాను. నేను ముట్టుకుంటే తెరుచుకుంది. నేను ఇల్లు చేరేలోపు మళ్ళీ మొరాయించింది. మళ్ళీ వెళ్ళాను, మళ్ళీ తెరుచుకుంది. సెంటరు వాళ్ళు నవ్వడం మొదలుపెట్టారు. దీదీ వస్తే తలుపుకి బుద్ధొస్తుంది, దీదీని ఇక్కడే కట్టేసుకుందాం అన్నారు.

నాకు నవ్వు రాలేదు. బస్సులో కిటికీ పక్కన కూర్చుంటే ఒక ఆలోచన వచ్చింది, దాన్ని ఎవరికీ చెప్పలేదు. అందరికీ మూసుకునే తలుపు నేను కొడితే ఎందుకు తెరుచుకుంటోంది? నేను కొట్టే తీరు తెలిసిన మనిషి అవతల ఉన్నాడు కాబట్టి. నొక్కుతున్నది ఆ పిల్ల కాదు. అలా అనుకుంటే ఒళ్ళంతా వెచ్చగా, తేలిగ్గా అయిపోయింది. వాన చినుకులు అద్దం మీద జారుతున్నాయి, బస్సు నీళ్ళలో పడవలా పోతోంది, నేను దిగాల్సిన చోటు దాటిపోయింది. ఆ మూడు నాలుగు రోజులూ నేను సగం ఇక్కడా సగం ఆ తలుపు అవతలా ఉన్నాను. పాడైన తలుపు కోసం వెళ్ళడం మానేసి, ఆయన్ని చూడ్డానికి వెళుతున్నట్టు వెళ్ళాను. తలస్నానం చేసి మరీ వెళ్ళాను.

మాలతీ మాసీ

ఆ సెంటర్లో మాలతీ మాసీ అని ఒక ఆయా ఉండేది. చక్రాల కుర్చీలు తోసేది ఆమే. నోరు పెద్దది. బిమల్‌దా ఇదే ఆఖరిసారి అని చెప్పి నన్ను పంపిన మధ్యాహ్నం, ఆమె కుర్చీలో ఒక తెలుగాయన్ని తోసుకుంటూ వచ్చింది. రావుగారని, బ్యాంకులో పనిచేసి రిటైరైన ఆయన. నేను తెరుస్తానని లేచాను.

"నువ్వు పక్కకి జరుగు దీదీ" అంది మాసీ. "నువ్వు తెరిస్తే తెరుచుకుంటుందని ఊరందరికీ తెలుసు. నువ్వు లేనట్టు కూర్చుని చూడు."

కూర్చున్నాను. మాసీ కుర్చీని ముందుకి తోసింది. పాదాలు పెట్టుకునే పలక తలుపుకి ఆనింది. మోచేత్తో గంట నొక్కింది. లోపల పిల్ల మీట నొక్కింది. టక్ రాలేదు. గొంతు నొక్కినట్టు చిన్న మూలుగు వచ్చింది. మాసీ ఇంకా గట్టిగా తోసింది. తలుపు కదల్లేదు.

"ఏమ్మా, మన మీద అలిగిందా ఇది?" అన్నాడు రావుగారు.

నేను లేచి వెళ్ళాను. ఏమీ ఆలోచించలేదు. పిడి పట్టుకున్నాను, లోపలి పిల్ల మళ్ళీ నొక్కింది, టక్ మంది, తెరుచుకుంది.

"అదిగో!" అని మాసీ అరిచింది. "ఏం చేశావు?"

"ఏం చెయ్యలేదు."

"చేశావు. లాగావు. లోపలికి తోసే తలుపుని నీ వైపుకి లాగావు. నా కళ్ళతో చూశాను."

"లాగలేదు మాసీ."

"లాగావమ్మా" అన్నాడు రావుగారు, కాస్త మెత్తగా. "నేనూ చూశాను. మేం తోసేవాళ్ళం. లాగే ఓపికుంటే ఇక్కడికెందుకొస్తాం?"

మాసీ నా చెయ్యి పట్టుకుని ఎత్తి చూపించింది. "నీ చెయ్యి ఖాళీగా ఉంది, లాగుతావు. నా చేతుల్లో కుర్చీ ఉంది. నాకు మూడో చెయ్యి నువ్విస్తావా?"

నేను ఆ చెయ్యి వైపు చూశాను. అది నిజంగానే లాగింది. ఎన్నో ఏళ్ళుగా లాగుతూనే ఉంది. తలుపు బరువు పెదవి మీద పడకుండా ఆయన నాకు మొదటిరోజు నేర్పిన పట్టు అది. పని బాగా చూసుకోవడానికి నేర్పాడు, అది నా ఒంట్లో కలిసిపోయింది. నాలిక పెదవిని నొక్కి పట్టి ఉంటే ఆ చిన్న కొక్కెం ఊడి రాలేదు. నేను లాగగానే ఒత్తిడి పోయేది, కొక్కెం వచ్చేది. రోగాన్ని నా చేత్తోనే తీసేసి, రోగం లేదని చెప్పి ఇంటికెళ్ళేదాన్ని. అవతల ఆయన లేడు. బల్ల దగ్గర ఆ పిల్లే ఉంది, ఇవతల నా చెయ్యి ఉంది.

రావుగారిని లోపలికి తీసుకెళ్ళారు. వసారా ఖాళీ అయింది. పనిముట్లు తీసే ముందు నేను తలుపు మీద ఒకసారి కొట్టాను. పిడి నా వైపుకి లాగి పట్టుకున్నాను. టక్ మంది. తెరవకుండా అలాగే కాసేపు నిలబడ్డాను. ఆ తరవాత రెండుసార్లు కొట్టి, సంచీ విప్పాను.

ఏం చేశానంటే

ఒత్తిడి ఎక్కడిదో చూడటం ఇంక కష్టం కాలేదు. చల్లగాలి బయటికి పోతోందని ఎవరో ద్వారబంధం చుట్టూ కొత్త రబ్బరు పట్టీ అంటించారు, బొటనవేలంత మందం. తలుపు మూస్తే ఆ పట్టీ నలిగి, తలుపుని ఎప్పుడూ లోపలికి నెడుతోంది. అంటే మనిషి తోయకముందే నాలిక పెదవి మీద ఆనుకుని ఉంది. దానికి తోడు కుర్చీ. ఆ మందం పట్టీ పీకేసి పల్చని మెత్తటి పట్టీ అంటించాను. తాళం మరలు వదులు చేసి, గోరంత లోపలికి జరిపి మళ్ళీ బిగించాను. తలుపు మూసి పట్టుకుని కదిపితే నాలిక గూట్లో కొద్దిగా ఆడాలి. ఆడకపోతే బిగువు ఎక్కువైందని, మరీ లొడలొడలాడితే వదులైందని.

ఇంకోటి కూడా దొరికింది. నేను మీటరు పెట్టింది తాళం ఊరికే ఉన్నప్పుడు. ఈసారి నొక్కి పట్టుకోమని చెప్పి పెట్టాను. ముల్లు కిందికి జారింది. ఆ సన్నని తీగ చాలా దూరం నుంచి వస్తోంది, అంత దూరం వచ్చేసరికి కరెంటుకి బలం చాలడం లేదు. లావు తీగ లాగాను. ఊరికే ఉన్నప్పుడు కొలిచిన కొలత కొలత కాదు, పని చేస్తున్నప్పుడు కొలవండి.

ఆఖరికి తలుపు తనంతట తను మూసుకుంటోందా, నాలిక గూట్లో పడుతోందా అని చూశాను. మాసీని పిలిచాను.

"నేను ఆ చివర నిలబడతాను మాసీ. చేతులు వెనక్కి కట్టుకుంటాను. నువ్వు తొయ్యి."

"తెరుచుకోకపోతే?"

"నన్ను తిట్టు."

"తెరుచుకున్నా తిడతాను, నాలుగు రోజులు నడుం విరగ్గొట్టావు" అంది. ఖాళీ కుర్చీలో రెండు నీళ్ళ డబ్బాలు పెట్టుకుని వచ్చి, పలక తలుపుకి గట్టిగా ఆనించి, మోచేత్తో గంట నొక్కింది.

టక్.

కుర్చీ, డబ్బాలు, మాసీ అన్నీ లోపలికి పోయాయి. తలుపు మెల్లగా మూసుకుంది. వసారాలో నేనొక్కదాన్నే ఉన్నాను. తలుపు అందరికీ తెరుచుకుంటోంది. మునుపటిలా నా ఒక్కదానికే తెరుచుకోవడం ఇంక లేదు. సంతోషించాలో ఏడవాలో తెలియక పనిముట్లు ఒక్కొక్కటే తుడిచి సంచీలో పెట్టుకున్నాను.

అందుకే చెబుతున్నాను, తలుపు బాగైందో లేదో మీ చేత్తో చూడకండి. మీ చెయ్యి తెలివైనది, తప్పు కప్పేస్తుంది. ఆ తలుపులోంచి రోజూ వెళ్ళేవాళ్ళని పిలిచి, వాళ్ళు రోజూ వెళ్ళేలాగే వెళ్ళమనండి. టీ పళ్ళెంతో వచ్చేవాడు పళ్ళెంతోనే రావాలి. మీరు దూరంగా నిలబడండి. దూరంగా నిలబడటమే ఈ పనిలో కష్టమైనది.

షాలిమార్ స్టేషను

రైలు రోజు వరకు ఆ తలుపు గురించి ఫోను రాలేదు. మోగినప్పుడల్లా పరుగెత్తి అందుకునేదాన్ని, అది వేరే ఎవరిదో అయ్యేది. ఆ పొద్దున బిమల్‌దా తనే చేశాడు.

"బౌదీ, సెంటరు వాళ్ళు ఫోన్ చెయ్యలేదు."

"నాకూ చెయ్యలేదు దాదా."

"న్యూ టౌన్‌లో ఒక ఆఫీసు తలుపు మూసుకోవడం లేదు. బొదలే దావ్ అన్నాను. నువ్వు మారుస్తావా, చూస్తావా?"

"చూస్తాను."

"నాకు తెలుసు" అని ఫోను పెట్టేశాడు.

బావని ఎక్కించడానికి షాలిమార్ వెళ్ళాను. నేను మూట లేకుండా, పనిముట్ల సంచీతో రావడం ఆయన చూశాడు. ప్లాట్‌ఫారం పొడుగునా నా ముందు నడిచాడు. పెట్టె ఎక్కి కిటికీ పక్కన కూర్చున్నాడు. పక్కన నా సీటు ఖాళీ.

"అయితే రావన్నమాట."

"రాను బావా."

"ఒంట్లో బాగునేకపోతే ఎవులు సూత్తారే?"

"తెలీదు."

"పండగలకైనా వొత్తావేటి?"

"తలుపులు పాడవకపోతే వత్తాను."

ఆయనకి నవ్వొచ్చింది, ఆపుకున్నాడు. రైలు కూత వేసింది. ఎవరో ఒకాయన లోపలికొచ్చి ఆ సీటు ఖాళీయేనా అని అడిగాడు. బావ నా వైపు చూశాడు. తన సంచీ తీసి ఒళ్ళో పెట్టుకుని ఆయనకి చోటిచ్చాడు. కిటికీ చువ్వల్లోంచి చెయ్యి బయటికి చాపి నా భుజం మీద కొట్టాడు.

"ఎల్లు మరి, ఎండెక్కిపోతంది. అక్కడెవులో తలుపు కాడ నిలబడుంటారు."